మా అత్తమ్మ దవడపన్ను

నేను కాపురానికి వచ్చిన మరునాడు పొద్దున్నే మా అత్తవారి వాకిట్లో చిన్నపాటి జాతరయింది. అందరూ చూసే వింతను నేనే. బావిగచ్చు మీద నిలబడి బ్రష్షుతో పళ్ళు తోముకుంటున్నాను. నోటి నిండా నురగ. బర్రెపాలు పిండుతున్న జీతగాడు చెంబు పక్కన పెట్టి చూస్తున్నాడు. గోడ అవతల పక్కింటి ఆడవాళ్ళు తలలు పైకెత్తారు. మా అత్తమ్మ చీపురు చేత్తోనే నా ముందుకొచ్చి, మెడ వంచి నా నోట్లోకి తొంగిచూసింది.

“ఏందే పిల్లా, సబ్బు నములుతున్నవా?”

జవాబు చెప్పే వీలు లేక తల అడ్డంగా ఊపాను.

“మరి గా నురుగేంది? ఎడ్లకు గాలికుంటు వస్తె గట్లనే కారుతది.”

గోడ అవతలి తలలు పకపకా నవ్వాయి. నేను గబగబా పుక్కిలించి ఊసేసి లోపలికి పారిపోయాను.

ఎనభైల చివరి సంగతి ఇది. మా అమ్మగారిల్లు కామారెడ్డి. అత్తవారిది ఎల్లారెడ్డికి దగ్గర్లో పల్లె. వరి, చెరుకు పండించే ఇల్లు. ఆ ఇంట్లో పళ్ళు తోముకోవడానికి ఎవరి పద్ధతి వాళ్ళకుండేది. మా మామ వేపపుల్ల నోట్లో పెట్టుకుని బయలుదేరితే పొలంగట్ల మీదుగా ఊరంతా చుట్టి, నాలుగిళ్ళ తగవులు విని, పొద్దెక్కాక తిరిగొచ్చేవాడు. అప్పటికి పుల్ల సగం మిగిలేది, మామ కడుపులో చాయ్ మాత్రం మూడిళ్ళది ఉండేది. మా ఆయన ఎర్రటి పళ్ళపొడి వేలికద్దుకుని రెండు రుద్దులు రుద్ది అయిపోయిందనేవాడు. ఇక అత్తమ్మది మిశ్రి.

అత్తమ్మ పుట్టిల్లు బిచ్కుంద దగ్గర. మహారాష్ట్ర పక్కనే కాబట్టి అక్కడి ఆడవాళ్ళకు మిశ్రి అలవాటు. పొగాకును పెంకు మీద మాడేదాకా వేయించి మెత్తగా పొడి చేస్తారు. పేరు వింటే కలకండ అనుకునేరు. నేనూ అట్లాగే అనుకుని మొదటి వారంలో చిటికెడు నాలుకమీద వేసుకుని, ఆ పూటంతా తల తిరిగి మంచమెక్కాను. అత్తమ్మ ఆ పొడిని పొద్దున పళ్ళకు రుద్ది, మిగతాది కుడి దవడ లోపల దాచుకునేది. మధ్యాహ్నం ఇంకోసారి. పొద్దుమూకి ఇంకోసారి. నడుముకు చెక్కుకున్న చిన్న డబ్బీ ఆమె ఒంటిమీద మంగళసూత్రమంత నిలకడగా ఉండేది.

మనిషి పొడుగు, గొంతు పెద్దది. మామూలుగా తెలుగే మాట్లాడేది గానీ కోపమొస్తే మరాఠీలోకి దిగేది. ఆ మరాఠీ మా ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు, అయినా అందరం భయపడేవాళ్ళం. నా బ్రష్షు మీద మాత్రం తెలుగులోనే రోజుకో మాట విసిరేది. “టౌనోళ్ల పండ్లు గట్ల రుద్దకపోతె రాలిపోతయేమొ పాపం” అనేది. చెరుకుగడను పళ్ళతోనే చీల్చి నమిలి చూపించేది. “ఇగో, గిది పన్నంటె. నీయి ఉట్టిగ చూసుకునేటందుకె.”

నిజం చెప్పాలంటే నాకూ కొంచెం పొగరే. పేస్టు వాడేదాన్ని కదా, నా పళ్ళకేం ఢోకా లేదనే ధీమా.

నా పెళ్ళయిన రెండో వానాకాలంలో అత్తమ్మ చెరుకు నమలడం మానేసింది. మొదట ఎవరం గమనించలేదు. మక్కకంకులు కాల్చి అందరికీ పంచి తాను మాత్రం “నాకు ఆకలైతలేదు” అనేది. జొన్నరొట్టెను పాలల్లో నానబెట్టుకుని తినడం మొదలుపెట్టింది. మాంసం వండిన రోజు తునకలు మామ కంచంలో వేసి తాను చారు పోసుకున్నప్పుడు నాకు అనుమానమొచ్చింది. మా అత్తమ్మ మామ కోసం తునకలు త్యాగం చేసే మనిషి కాదు.

“అత్తమ్మా, పన్ను నొస్తుందా?” అని అడిగాను.

“నా పండ్లకేమయితది? నీ సంగతి చూసుకో.”

ఆమె ఒప్పుకోకపోవడానికి కారణం నాకు తెలుసు. బ్రష్షు పట్టుకున్న కోడలి ముందు పన్ను నొప్పి అని ఎట్లా చెప్తుంది? నొప్పి ఎక్కువైన కొద్దీ దవడలో మిశ్రి ఎక్కువ పెట్టేది. అది కాసేపు తిమ్మిరెక్కించేది, ఆపైన మళ్ళీ మొదలయ్యేది. లవంగాల డబ్బా ఖాళీ అయింది. ఉల్లిగడ్డ ముక్క, పటిక, ఇంగువ, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆ పంటి దగ్గరికెళ్ళి ఓడిపోయి వచ్చాయి.

అప్పుడు ఊళ్ళోకి పంటి పురుగులు తీసే మనిషొచ్చింది. గంపలో పిన్నులు, పూసలు, వేర్లు పెట్టుకుని తిరిగే ఆమె. అత్తమ్మ ఆమెను వెనకవాకిట్లోకి పిలిపించుకుంది. ఆమె అత్తమ్మ దవడకేదో ఆకు పసరు పూసి, బట్ట కప్పి, నోట్లో ఏదో గొణుగుతూ చెయ్యాడించి, నీళ్ళున్న పళ్ళెంలోకి దులిపింది. తెల్లటి సన్న పురుగులు నీళ్ళలో తేలాయి. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. అత్తమ్మ గర్వంగా నా వైపు చూసింది, అవన్నీ తానే పెంచినట్టు.

“అత్తమ్మా, అవి వంకాయలల్ల ఉండే పురుగుల లెక్క ఉన్నయి” అన్నాను మెల్లగా.

“వంకాయలకు పోయిన పురుగు పంట్లెకు పోదా?” అంది.

పొద్దుమూకేసరికి నొప్పి ముందుకన్నా గట్టిగా తిరిగొచ్చింది. “ఇంక ఒక్క పురుగు మిగిలినట్టున్నది” అని అత్తమ్మ దవడ పట్టుకుని కూర్చుంది.

ఆ ఒక్క పురుగు నాలుగైదు రోజుల్లో తన పని చేసింది. ఒక పొద్దున అత్తమ్మ లేచేసరికి కుడి బుగ్గ ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. మామ వేపపుల్ల నోట్లోంచి తీసి తేరిపార చూశాడు.

“ఏందే, బుగ్గల లడ్డు దాస్కున్నవా?”

చేతిలో ఉన్న చెంబు ఆయన మీదికి ఎగిరింది. ఆపైన మరాఠీ. ఉబ్బిన నోటితో తిట్టేసరికి ఆ మరాఠీ ఇంకా భయంకరంగా వినిపించింది. మామ పుల్లతో సహా పొలానికి పరుగెత్తాడు.

నేను పక్కన కూర్చుని చెప్పాను. “కామారెడ్డిల పండ్ల డాక్టరు వచ్చిండట అత్తమ్మా. మనిద్దరమే పోయొద్దాం.”

అత్తమ్మ కొంగు బుగ్గ మీదికి లాక్కుంది. తర్వాత అంది, “మీ అమ్మోళ్లింటికి మాత్రం తీస్కపోకు. గీ మొకంతోని నేను వియ్యపురాలికి కనపడ.”

నా మీద పడ్డ అసలు భారం అదే. కామారెడ్డిలో దిగి మా అమ్మకు తెలియకుండా నడవాలి. మరునాడు లింగంపేట మీదుగా బస్సులో వెళ్ళినంతసేపూ అత్తమ్మ కొంగు ముక్కు మీదికి కప్పుకునే ఉంది. బస్టాండులో దిగాక, మా అమ్మ కూరగాయలకు వచ్చే వీధి తప్పించి చుట్టుదారిన తీసుకుపోయాను.

డాక్టరు గది ఒక బట్టల దుకాణం పైన. మెట్ల పక్కన గోడ మీద పెద్ద పళ్ళవరస బొమ్మ వేసి ఉంది. పెదాలు, ముఖం ఏమీ లేవు, ఉత్త పళ్ళు ఇకిలిస్తున్నాయి. అత్తమ్మ అది చూసి మెట్ల దగ్గరే ఆగిపోయింది. “గీ పండ్లోడు యాడికి పోయిండు?” అని అడిగింది. చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళాను.

డాక్టరు కుర్రవాడు. టౌనులోని ముస్లిం కుటుంబమే. చదువు పూర్తి చేసుకుని సొంత ఊళ్ళో దవాఖానా పెట్టుకున్నాడు. నెమ్మదైన మనిషి. కుర్చీలో కూర్చోమంటే అత్తమ్మ దాన్ని చుట్టూ తిరిగి చూసింది. “మంగలి కుర్చీ గదా, నా జుట్టు తియ్యవు గద బిడ్డా?” అంది.

“మీ జుట్టు నాకెందుకమ్మా, ముందు నోరు తెరువుండ్రి” అన్నాడతను నవ్వుతూ.

నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోలేదు. అతను దీపం పెట్టి చూసినంతవరకు చూశాడు. పంటి కింద చీము పట్టిందనీ, ఇప్పుడు పీకకూడదనీ, గోలీలు వాడి వాపు తగ్గాక రమ్మనీ, ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్ళతో పుక్కిలించమనీ చెప్పాడు. బయట బుగ్గకు వేడి కాపడం మాత్రం పెట్టొద్దన్నాడు. ఆ ముందురోజంతా మేం చేసింది అదే.

మెట్లు దిగుతూ అత్తమ్మ మండిపడింది. “గింత దూరం తెచ్చి, పీకకుంట పంపుతడా? దొరికిన దొంగను ఇడిశిపెట్టినట్టుంది నాకు.”

గోలీలు పనిచేశాయి. వారం తిరిగేసరికి వాపు పోయింది, నొప్పి పోయింది. దాంతో కొత్త చిక్కొచ్చింది. “నొప్పే లేదు, ఇగ పీకుడెందుకు? ఉన్న పన్నును పోగొట్టుకుంటరా ఎవలన్న?” అని మొండికేసింది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది, అది మామకే చెప్పుకుంది. పైపన్ను పీకితే కళ్ళు పోతాయట. వాళ్ళ ఊళ్ళో ఒకామెకు అట్లాగే పోయాయట. ఆమెకు అప్పటికే ఎనభై ఏళ్ళుంటాయని మామ అన్నాడు గానీ అత్తమ్మ లెక్కచేయలేదు.

చివరికి నాకు బిచ్కుంద అక్కరకొచ్చింది. అత్తమ్మ తమ్ముడి కొడుకు పెళ్ళి దగ్గర పడింది. ఆ పెళ్ళిలో మాంసం వంటలు ఎట్లా ఉంటాయో ఆమె నాకు ఏడాదిగా చెప్తూనే ఉంది.

“డాక్టరు ఏమన్నడు? లోపల జబ్బు గట్లనే ఉన్నదన్నడు. సరిగ్గ పెండ్లిల బంతిల కూసున్నంక లేస్తది చూడు. అందరు తునకలు తింటుంటె నువ్వు చారు తాగుతవ్” అన్నాను.

అత్తమ్మ ముఖం పాలిపోయింది. మరునాడు పొద్దున నాకంటే ముందు చీర కట్టుకుని తయారైంది.

ఈసారి కుర్చీలో కూర్చుంటూనే డాక్టరు చెయ్యి గట్టిగా పట్టుకుంది. “సాబ్, నాకు ఒక్కటి చెప్పు. కండ్లు పోతయా?”

“పోవమ్మా. పంటి నరం వేరే, కంటి నరం వేరే. ఆ దారి వేరే, ఈ దారి వేరే.”

“పోతె?”

“పోతె నేను మీ ఇంట్ల జీతముంట.”

ఆ పూచీకి ఒప్పుకుని నోరు తెరిచింది. సూది ఇచ్చినప్పుడు కాళ్ళు ఒకసారి గాల్లోకి లేపింది, అంతే. కాసేపటికి “నా మూతి యాడికి పోయింది పిల్లా, ఉన్నదా?” అని అడుగుతుంటే, ఉందని నేను ధైర్యం చెబుతుంటే, అతను పని కానిచ్చేశాడు. పళ్ళెంలో టక్‌మని చప్పుడైంది. అత్తమ్మకు నమ్మకం కలగలేదు. “అయిందా? నిజంగనా?” అని పన్ను తీసుకుని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. నల్లటి గుంత, మూడు వేర్లు.

“పురుగేది?” అంది.

“పురుగుండదమ్మా. తిన్నది పండ్ల సందున ఇరుక్కుని పుల్లగై, పన్నును కరగదీస్తది. అదే గుంతైతది.”

అత్తమ్మ నా వైపు చూడలేదు. నేను కూడా వంకాయల మాటెత్తలేదు.

డాక్టరు ఆమె నోట్లో గట్టిగా దూది పెట్టి కొరికి పట్టుకోమన్నాడు. గంటసేపు మాట్లాడొద్దు, ఉమ్మొద్దు. ఆ రోజు వేడివి వద్దు, పుక్కిలించొద్దు. మరునాటి నుంచి ఉప్పునీళ్ళు. ఇవన్నీ నాకు చెప్పి, ఇంతలో నవ్వుతూ, “మీరు కూడా కూసోండ్రి అక్కా, ఎట్లాగూ వచ్చిండ్రు గద, చూస్త” అన్నాడు.

నేను ధీమాగా కూర్చున్నాను. అత్తమ్మకు నా ముత్యాల వరస చూపించే అవకాశం అనుకున్నాను. అతను సన్న అద్దంతో లోపల వెతికి “ఇక్కడ ఒకటి, ఇటు పక్క ఇంకోటి. రెండు పండ్లు పుచ్చినయి” అన్నాడు.

“నేను రోజూ బ్రష్షు చేస్త డాక్టర్ సాబ్!”

“ఎప్పుడు?”

“పొద్దుగాల.”

“రాత్రి పండుకునే ముందర ఏం తింటరు?”

చెప్పాలా వద్దా అని ఆలోచించాను. మా ఆయన ఎల్లారెడ్డి అంగడి నుంచి తెచ్చే పల్లిపట్టీలు మా గదిలో డబ్బాలో ఉండేవి. చెప్పాను. అతను తల ఊపాడు. “అది రాత్రంతా పండ్లల్లనే ఉంటది. పొద్దుగాల బ్రష్షు మంచిదే, రాత్రిది ఇంక ముఖ్యం. గట్టిగ రుద్దకుండ్రి, చిగుర్లు అరుగుతున్నయి.”

నా వెనక వింత చప్పుడైంది. తిరిగి చూస్తే అత్తమ్మ. నోట్లో దూది, కళ్ళ నిండా నీళ్ళు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వు ఆపుకోలేకపోతోంది. నవ్వొద్దని డాక్టరు చెయ్యెత్తి వారించాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

మళ్ళీ ఆమెను కూర్చోబెట్టి అతను ఒక మాట చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖంలో నవ్వు లేదు. ఆమె మిశ్రి దాచుకునే చోట బుగ్గ లోపల తెల్లటి మచ్చ ఏర్పడింది. ఇప్పుడు మానేస్తే అది పోవచ్చు. మానకపోతే పుండై, పెద్ద జబ్బుకు దారి తీయవచ్చు. “కొన్ని వారాలైనంక మళ్ళ రాండ్రి. తగ్గకపోతె హైదరాబాద్ పంపుత, అక్కడ చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తరు. మిశ్రి మాత్రం ఇయ్యాళ్టితోనే బంద్.”

అత్తమ్మ నడుము దగ్గరున్న డబ్బీని చేత్తో కప్పుకుంది. నోట్లో దూది ఉంది కాబట్టి ఏమీ అనలేదు.

తిరుగు బస్సులో మా వెనక సీట్లో బీర్కూర్ వెళ్ళాల్సిన ఒక పెద్దావిడ కూర్చుంది. మాటకారి. ఊరేది, బిడ్డలెందరు, ఎటు పోయొస్తున్నారని అత్తమ్మను అడిగింది. అత్తమ్మ బుగ్గ చూపించి, చెయ్యి తిప్పి, తల ఊపింది. ఆవిడకు జాలి పుట్టుకొచ్చింది.

“అయ్యో, మాటలు రావా? పుట్టుకతోనేనా బిడ్డా?” అని నన్నడిగింది.

నేను జవాబు చెప్పేలోపు ఆవిడ బస్సులో సగం మందికి వినపడేట్టు, “చూస్తె గింత పెద్దింటి మనిషి లెక్కున్నది, మూగదట పాపం! కోడలు మంచిది, తోడుకొని తిరుగుతున్నది” అంది. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసి నాలుక చప్పరించాడు. అత్తమ్మ మెడ నరాలు బిగుసుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. చెయ్యి పట్టుకుని నొక్కాను. ఆవిడ ఆగలేదు. “పోనీలే, మూగత్త దొరుకుడు గూడ అదృష్టమే బిడ్డా నీకు” అంది.

దూది కిటికీలోంచి బయటికెగిరింది.

“ఎవలే మూగది? నీ నోరు వడిపోను! పన్ను పీకించుకున్ననే నేను, నాలుక గాదు!”

ఆపైన లింగంపేట వచ్చేదాకా మరాఠీ. ముందు సీటాయన కండక్టరు దగ్గరికి మారిపోయాడు. పెద్దావిడ మాత్రం తేరుకుని, “మంచిదే తల్లీ, మాటలున్నయి, అదే సంతోషం” అంది. అత్తమ్మకు దవడ నుంచి మళ్ళీ రక్తం వచ్చింది. డాక్టరు ఇచ్చిన వేరే దూది పెట్టి, ఈసారి చేత్తో ఆమె గడ్డం పట్టుకుని నేనే మూసి ఉంచాను. ఇల్లు చేరేదాకా మా అత్తమ్మ నోరు నా చేతిలో ఉంది. అట్లాంటి ప్రయాణం మళ్ళీ దొరకలేదు.

ఇంటికొచ్చి మామ పన్నును రాయి కింద పెట్టి పగలగొట్టి చూశాడు. పురుగు లేదు. అత్తమ్మ వాకిట్లో నిలబడి దూరంగా చెరువుకట్ట వైపు చూస్తూ, “కట్టమీద పోయేది మన ఎర్రావే గదా?” అని అడిగింది. అది ఎర్రావే. కళ్ళు బాగానే ఉన్నాయని తేలింది.

మిశ్రి మానడం అంత సులువు కాలేదు. రెండు రోజులకే ఇంట్లో ఎవరు ఎదురైతే వాళ్ళ మీద విరుచుకుపడేది. చెయ్యి ఊరికే నడుము దగ్గరికి పోయేది. మూడో రోజు మామ చాయ్ తాగి బీడీ వెలిగించగానే ఆమె వచ్చి దాన్ని నోట్లోంచి లాగేసింది.

“నేను బంద్ జేస్తె నువ్వు గూడ బంద్. లేకుంటె ఇద్దరం తాగుదాం, ఇద్దరం పోదాం.”

“నాకే జబ్బు లేదు గదా?”

“నోరు తెరువు, చూస్త.”

ఆయన నోరు తెరవలేదు. పందెం మాత్రం ఒప్పుకున్నాడు. అప్పట్నుంచి ఆ ఇద్దరూ ఒకరికొకరు పోలీసులయ్యారు. ఈయన గదిలోకి రాగానే ఆమె చొక్కా వాసన చూసేది. ఆమె వంటింట్లోంచి రాగానే ఈయన “ఆ అను” అనేవాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇంత దగ్గరగా ఎప్పుడైనా కూర్చున్నారా అని మా ఆయన ఆశ్చర్యపోయాడు. అత్తమ్మకు నోరు ఊరినప్పుడల్లా నేను సోంపు ఇచ్చేదాన్ని. కొన్నాళ్ళకు ఆ డబ్బీలోనే సోంపు పోసుకుని నడుముకు చెక్కుకుంది.

గట్టి పరీక్ష బిచ్కుంద పెళ్ళిలో వచ్చింది. వాళ్ళ అక్కచెల్లెళ్ళంతా చుట్టూ చేరి డబ్బీలు తీశారు. “ఒక్క చిటికెడు, ఏం గాదు” అని చేతిలో పెట్టబోయారు. ఆమె కాసేపు ఆ పొడి వైపే చూసింది. చివరికి నా రెక్క పట్టుకుని లేచి, “నడువే, బంతి లేస్తది” అంది. ఎడమ దవడతో తునకలన్నీ తిని, ఎముకలు మాత్రం నాకిచ్చింది.

పందెంలో ఓడింది మామే. కోతలైపోయి కొట్టం పక్కన గడ్డివాము వేసిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అత్తమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ ఒక్కసారి చేట కింద పెట్టి లేచింది.

“గడ్డివాము ఎనుక పొగ లేస్తున్నది!”

నేను బిందె పట్టుకుని, జీతగాడు బకెట్ పట్టుకుని పరుగెత్తాం. మాకన్నా ముందే చేరిన అత్తమ్మ, నేను రాగానే నా చేతిలోంచి బిందె లాక్కుని గుమ్మరించింది. వాము వెనక గొంతుక్కూర్చున్న మామ నిలువునా తడిసి లేచాడు. చేతిలో తడిసిన బీడీ.

“గడ్డికి అంటుకుంటె ఏం గావాలె? ఏడాది మేత!” అని ఆమె అరిచింది.

“నేను గడ్డికి దూరంగనే కూసున్ననే” అన్నాడు ఆయన, మీసాల్లోంచి నీళ్ళు కారుతుంటే.

ఆ పొద్దు అత్తమ్మ ఆయనకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. తిట్టలేదు. “నేను ఓడిపోతనని భయపడుకుంట ఉంటిని. నువ్వు ముందర ఓడితివి. ఇగ నేను గూడ తినొచ్చు, పందెం పోయింది గదా” అంది. మామ కంచంలో చెయ్యి ఆపాడు. కాసేపటికి లేచి వెళ్ళి, దాచిన బీడీకట్ట తెచ్చి పొయ్యిలో వేశాడు. తర్వాత కూడా ఆయన ఎప్పుడో ఒకటి తాగేవాడనే నా అనుమానం. ఆమె మాత్రం తినలేదు.

రాత్రి పళ్ళు తోముకోవడం మా ఇంట్లో అట్లానే మొదలైంది. మొదట్లో అత్తమ్మ, “రాత్రి తోముడేంది, నిద్రల ఎవలికి చూపియ్యాలె?” అంది. కానీ నా రెండు పుచ్చుపళ్ళ సంగతి ఆమెకు ఎంత బలమిచ్చిందంటే, నన్ను తోమించడం కోసమే తానూ బ్రష్షు కొనిపించుకుంది. అన్నాలయ్యాక “నడువ్ పిల్లా, గాలికుంటు తెచ్చుకుందాం” అని పిలిచేది. ఇద్దరం బావిగచ్చు మీద నిలబడి, నోళ్ళ నిండా నురగతో ఆ పూట సంగతులన్నీ సైగలతోనే మాట్లాడుకునేవాళ్ళం. నా పల్లిపట్టీల డబ్బా ఆమె అధీనంలోకి పోయింది. మధ్యాహ్నం అన్నంతో పాటే ఒక ముక్క ఇచ్చి, వెంటనే నీళ్ళు పుక్కిలించమనేది.

పెళ్ళి, కోతలతో ఆలస్యమై, చలికాలం చివర మళ్ళీ కామారెడ్డి వెళ్ళాం. ఈసారి ముందు మా అమ్మగారింట్లో భోంచేసి, ఆరాముగా నడుచుకుంటూ వెళ్ళాం. డాక్టరు బుగ్గ లోపల చాలాసేపు చూశాడు. అత్తమ్మ కుర్చీ చేతులు బిగించి పట్టుకుంది. నేను కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నానే గానీ ఏమీ కనిపించడం లేదు.

“మచ్చ పోయిందమ్మా. మంచిగున్నది” అన్నాడు.

అత్తమ్మ కుర్చీ చేతులు వదిలింది. “మరి ఇగ అప్పుడప్పుడు...”

“వద్దు.”

“పండుగకు?”

“పండుగకు గూడ వద్దు. మళ్ళ వస్తది.”

“గింత మంచి కబురు చెప్పి, గింత చెడ్డ కబురు చెప్పవడితివి బిడ్డా” అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

నా పళ్ళు రెండింటికీ సిమెంటు పెట్టడానికి నన్ను కూర్చోబెట్టారు. ఆమె బయట బల్ల మీద వేచి ఉంది. నేను దవడ తిమ్మిరితో బయటికొచ్చేసరికి, అత్తమ్మ జుక్కల్ వైపు నుంచి వచ్చిన ఒకామె పక్కన కూర్చుని గట్టిగా మరాఠీలో మాట్లాడుతోంది. కోపం లేకుండా అత్తమ్మ మరాఠీ మాట్లాడగా వినడం నాకదే మొదటిసారి. వేలు తన బుగ్గలో పెట్టి మచ్చ ఎక్కడుండేదో చూపిస్తోంది, కళ్ళు ఏమీ పోలేదని కిటికీలోంచి ఎదురు దుకాణం పైన వాలిన పిట్టను చూపించి చెప్తోంది. ఆ జుక్కల్ ఆమె ఒళ్ళో మిశ్రి డబ్బీ ఉంది. అంతా విని, తల ఊపి, దాన్ని పారేయకుండా సంచిలో అడుగుకు తోసేసింది.

“ఏమన్నది అత్తమ్మా?” అని మెట్లు దిగుతూ అడిగాను. నా మూతి ఒక పక్కకు వాలి మాట ముద్దగా వచ్చింది.

“ఇంటికి వొయ్యి చూస్త అన్నది. నేను గూడ గట్లనే అంటుంటి” అంది. తర్వాత నా ముఖం చూసి ఆగిపోయి, గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు తగ్గేసరికి ఎల్లారెడ్డి బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు దాకా బస్టాండు బల్ల మీద కూర్చుని, ఆమె నా వాటా బజ్జీలు కూడా తానే తిన్నది.